అద్దంకి చేలు

బడిపంతులు భార్యకు సొంతయూరనునది యుండదు. మా వారిని బదిలీ చేసిన చోటికెల్ల మా వంటపాత్రలును, మా పుస్తకములును పయనము కావలసినవే. అట్లు మేము గుండ్లకమ్మ యొడ్డునగల యద్దంకికి వచ్చి నాలుగేండ్లయినది.

వచ్చిననాడు మా యుత్సాహ మింతంత గాదు. చిన్ననాట మా తండ్రిగారు భారతము చెప్పుచు, అరణ్యపర్వశేషమును పూరించిన యెఱ్ఱన, ప్రోలయ వేమారెడ్డి యాస్థానకవి యనియు, ఆ ప్రభువునకు అద్దంకి రాజధాని యనియు మాకు చెప్పియుండిరి. ఎఱ్ఱన తన హరివంశమును ఆయనకే యంకితమిచ్చెను. 14వ శతాబ్దమున శ్రీశైలాహోబలములకు మెట్లు కట్టించిన దాత యాయనయే. పిదప రాజధాని కొండవీటికి తరలెను. ఊరు మాత్రము తన చేలను నమ్ముకొని యిక్కడనే నిలిచెను.

అంతకు నాలుగైదు వందల యేండ్లకు పూర్వపు మాట మఱియొకటి కలదు. క్రీ.శ. 848 ప్రాంతమున, తూర్పు చాళుక్యరాజగు గుణగ విజయాదిత్యుని సేనాపతి పండరంగడు వేయించిన శాసన మీ యూర దొరకినది. అందొక తరువోజ పద్యమున్నది. నన్నయగారికి రమారమి రెండువందల యేండ్లు ముందటిది! పండ్రెండు బోయకొట్టములను ఆ సేనాపతి గెలిచిన వైనము అందు చెప్పబడినది. తుదకు ఆదిత్యభటారునికి భూమి నిచ్చిన సంగతి యున్నది. ఇది తలచినప్పుడెల్ల, ఈ యూర కాపురముండుటయే భాగ్యమని మేము గర్వించుచుండెడివారము.

పోయిన మాఘమాసమున మా గర్వమున కొక పరీక్ష వచ్చినది. మా యింట పని చేయు నామె కూతురు ఆఱవ తరగతి చదువుచుండెను. మిరపకాయల కోతలు రాగానే పిల్ల బడి మానినది. మా వారు రెండుమార్లు కబురంపిరి. ఫలితము లేకపోగా మేమే ఆ తల్లిని పిలిచి, "తెలుగు పద్యము వెలసిన యూర నుండి, పిల్లకు చదువు మాన్పింతువా?" యని శాసనము కథ యంతయు చెప్పితిమి. ఆమె చీపురు గోడకు చేరవేసి శ్రద్ధగా వినెను.

"అమ్మగారూ, ఆ పొలం ఎవరు దున్నారో కూడా రాశారా రాతిమీద?" అని యడిగెను.

మాకు బదులు తోచలేదు. ఆ రాత్రి పుస్తకము తీసి చూచితిమి. గెలిచినవాడు కలడు, దానము పొందిన దేవుడు కలడు. భూమియు కలదు; అది ఎనుబది పుట్ల వడ్లు పట్టు నేల యట. నేలను గింజతో కొలిచిరి గాని, గింజ చల్లిన చేతిని తలపలేదు. ఇన్నియేండ్లు చదివియు ఆ లోటు మా కంటబడలేదు!

మఱునాడు ఉపదేశము మాని, సంగతి యేమని ఆమెనే యడిగితిమి. "రెండెకరాలు కౌలుకు చేసి బాకీ పడ్డామమ్మా. కోతలు నెలన్నర. పండిన కాయ ఎవరికోసమూ ఆగదు. ఈ నెలన్నరా ఇద్దరం పోతేనే ఆ బాకీ తీరేది" అనెను.

ఆ కూలిడబ్బు నిచ్చు స్తోమత మాకు లేదు. మాకున్నవి దీపమును, పుస్తకములును. ఆదివారములును సెలవుదినములును పిల్ల కోతకు పోవునట్లును, తక్కిన దినములలో బడికి వచ్చునట్లును, తగ్గిన కూలికి బదులుగా మేము ఆమె జీతమును రెండునెలలు ముందే యిచ్చునట్లును ఏర్పాటైనది. సందెవేళ పిల్ల మా యింటికి వచ్చెడిది. కోత దినములలో మిరపఘాటుకు వ్రేళ్లు మండి పలక పట్టలేకపోయెడిది. కొబ్బరినూనె రాచి, మంట చల్లారువఱకు మేము చదువుచుండగా ఆమె వినెడిది.

పరీక్ష గట్టెక్కినది. జూన్‌లో ఏడవ తరగతిలో చేరినది. ఒకనాడు ఆమె నోటుపుస్తకము తిరుగవేయుచుండగా కడపటి పుటలో పదునొకండు పేర్లు కనబడినవి. పైన "మా చేను కోసినవాళ్లు" అని వ్రాసియున్నది. మొదటిది తల్లి పేరు. తుదను తన పేరు.

సోదరీమణులారా, మీ యూరికిని శాసనములుండవచ్చును, రాజులుండవచ్చును. అవి పిల్లలకు తప్పక చెప్పుడు. చెప్పునపుడు, ఆ పొలములు దున్నినవారి సంగతియు నొకమారు తలపుడు. మాకది నేర్పినది పుస్తకము గాదు, మా యిల్లూడ్చు తల్లి.