నైరుతి కిటికీ ఖరీదు

భీమిలి దాటాక, తీర నియంత్రణ మండలం (సీఆర్‌జెడ్) 500 మీటర్ల గీతకు బయట మాకో చిన్న స్థలం ఉంది. సముద్రం వైపు ఇసుక దిబ్బ, పడమర సరుగుడు చెట్లు. ఇల్లు కడదామనుకోగానే మా మేనమామ వచ్చి, “దిబ్బ చదును చేయించు, సముద్రం కనపడేలా పెద్ద అద్దాలు పెట్టు. నైరుతి మాత్రం మూసెయ్యి, అక్కడ కిటికీ ఉంటే డబ్బు నిలవదు. ఉక్కపోస్తే మూడు ఏసీలు పెట్టుకో” అన్నాడు. నేను వినకపోయేసరికి బంధువులందరి ముందూ “వీడికి లెక్క తెలీదు” అనేశాడు. ఆ మాట ఇంకా గుచ్చుకుంటూనే ఉంది. అందుకే లెక్కే చెబుతాను.

మా తీరంలో మార్చి నుంచి సెప్టెంబరు దాకా ఎక్కువగా వీచేది నైరుతి గాలే. దాన్ని గోడ కట్టి ఆపేస్తే చల్లదనాన్ని కరెంటుతో కొనుక్కోవాలి. ఒకటిన్నర టన్నుల ఏసీ గంటకు 1.2 యూనిట్లు తాగుతుందనుకుందాం. మూడు ఏసీలు, రాత్రికి 8 గంటలు: 28.8 యూనిట్లు. ఏడాదికి 240 రాత్రులైతే 6,912. శ్లాబులన్నీ కలిపి సగటున యూనిట్‌కు 8 రూపాయలు వేస్తే 55,296. పదేళ్లకు 5,52,960. ఏసీలు ఒక్కోటి 45,000 చొప్పున 1,35,000. అవుట్‌డోర్ కాయిల్‌ని ఉప్పుగాలి తినేస్తుంది కాబట్టి పదేళ్లలో మరోసారి కొనాలి, ఇంకో 1,35,000. మొత్తం 8,22,960.

నేను నైరుతిలో పెద్ద కిటికీలు, వాటికెదురుగా ఈశాన్యంలో ఇంకొన్ని పెట్టించాను. గాలి కావాలి గానీ మధ్యాహ్నపు ఎండ వద్దు, అందుకని 7 అడుగుల వరండా. పడమటి గోడకు ఆర్కిటెక్ట్ లారీ బేకర్ కేరళలో ప్రచారం చేసిన ర్యాట్ ట్రాప్ కట్టుబడి, అంటే ఇటుకల్ని అంచు మీద నిలబెట్టి మధ్యలో ఖాళీ వదిలే పద్ధతి. ఇటుకలు దాదాపు పావువంతు తగ్గుతాయి, గోడలోని ఖాళీ లోపలికి వచ్చే వేడిని తగ్గిస్తుంది. అన్నీ కలిపి అదనంగా 2,10,000. ఒక్క ఏసీ ఉంచుకున్నాం, దాని వంతు 2,74,320. రెండూ కలిస్తే 4,84,320. మిగులు 3,38,640. దిబ్బ చదును చేయించే జేసీబీ ఖర్చు ఇందులో కలపనేలేదు. ఉప్పు తుంపరకు మొదటి అడ్డు ఆ దిబ్బే, దాన్నెలా తీసేస్తాం? ఇక పెద్ద అద్దాలంటారా, 2014 అక్టోబరు 12న హుద్‌హుద్ తుఫాను వచ్చినప్పుడు విశాఖలో అద్దాల గోడల గతి అందరం చూశాం.

సోలార్ పెట్టుకునే వీలూ ఉంది, 3 కిలోవాట్లకు పీఎం సూర్యఘర్ సబ్సిడీ 78,000. వాడకమే తగ్గింది కాబట్టి తొందరపడలేదు.

మే నెల బిల్లు మేనమామకు చూపించాను. చదివి తిరిగిచ్చాడు, ఒక్క మాట అనలేదు. ఇప్పుడు మా తమ్ముడి ప్లానులోనూ నైరుతి మూయించమంటున్నాడు. పునాది తీయకముందే ఈ అంకెలన్నీ వాడికి రాసిచ్చాను.