నిదానము

సంస్కృతమున నిదానమనగా మూలకారణము, వైద్యులకు రోగనిర్ణయము. మాధవకరుని రోగవినిశ్చయమునకు మాధవనిదానమను పేరు స్థిరపడుటకు హేతువిదియే. తెలుగున నిదానమనగా తొందరపాటు లేకుండుట. ఒకే శబ్దము రెండు దారులు త్రొక్కినను, ఆ దారులు మరల కలిసికొను చోటొకటి కలదు. అది పేథాలజిస్టు కూర్చుండు బల్ల. అచ్చట తెలుగు నిదానము లేనిదే సంస్కృత నిదానము కుదరదు.

మేము ఇరువది యేండ్లుగా దిల్‌సుఖ్‌నగరున బడిపంతులమై యున్నాము. ఇచ్చటి వీథులలో శిక్షణాలయములు, వసతిగృహములు, ర్యాంకులు ప్రకటించు పటములు తప్ప గోడ కనబడదు. డాక్టరు కాగోరు పిల్లలను ఏ డాక్టరని యడిగినచో, గుండె డాక్టరనియో మెదడు డాక్టరనియో చెప్పుదురు. పేథాలజిస్టునగుదునని చెప్పిన శిష్యురాలిని మేమొక్కతెనే యెరుగుదుము.

దిల్‌సుఖ్‌నగరునకు ఉస్మానియా వైద్యకళాశాల మెట్రోలో ఐదవ నిలయము, పావుగంట ప్రయాణము. కాని యింటరు ముగించిన పిల్ల పేథాలజిస్టై వెలికి వచ్చుటకు ఎనిమిదిన్నర సంవత్సరములు కావలయును: ఎం.బి.బి.యస్. నాలుగున్నర, హౌస్ సర్జను శిక్షణ ఒకటి, ఎం.డి. మూడు. నడుమ ప్రవేశపరీక్షలకై కరిగిపోవు కాలము వేరు.

ఆమె ఎం.డి.లో శాఖను కోరుకొనవలసిన దినములలో తండ్రి మా యింటికి వచ్చెను. ఆయనకు ఎల్.బి.నగరున ఇనుపసామానుల దుకాణము కలదు. “సారూ, గిన్నేండ్లు చదివి రక్తపు సీసాలు చూసుకుంట కూసుంటదా? నాడి పట్టని డాక్టర్ని డాక్టరంటరా? రేపు సంబంధం అడిగేటోళ్లకు ఏం చెప్పాలె?” అనెను. ఈ మాటలలో బిడ్డపై కినుక లేదు, ఉన్నదెల్ల ప్రేమయే. కాని లోకము కంటబడిన చేతికే మ్రొక్కునుగదా!

ఆ పిల్ల నేర్వబోవు విద్య యెట్టిదో మేమాయనకు వివరించితిమి. శస్త్రవైద్యుడు తీసిన ముక్క ఫార్మలిన్‌లో మునిగి వచ్చును. దానిని కంటితో పరీక్షించి, కొలిచి, ఏ భాగమును లోతుగా చూడవలయునో నిర్ణయింపవలయును. పిదప దానియందలి నీటిని ఆల్కహాలుతో తొలగించి, మైనమున పొదిగి, మూడు నాలుగు మైక్రానుల పొరలుగా కోసి, రెండు రంగులు పట్టింతురు. కణకేంద్రకము నీలివన్నెయు, పరిసరము గులాబివన్నెయు దాల్చును. అసలు చదువు అప్పుడు మొదలగును. రోగమునకు నెలవు కణమేయని 1858లో బెర్లినునందు విర్కో బోధించిన నాటినుండి ఈ విద్య నడచుచున్నది. ఒక్కొక్కప్పుడు రోగి మత్తులో బల్లపై నుండగనే ముక్క వచ్చును. కొద్ది నిమిషములలో క్యాన్సరు అవునో కాదో చెప్పవలయును. ఆ మాటకొరకు కత్తి వేచియుండును.

మా యింటి సంగతియు చెప్పితిమి. కొన్నియేండ్ల క్రిందట వానకాలమున మా మేనల్లునికి జ్వరము తగిలెను. ఒక పరీక్షాకేంద్రమువారు, లక్షన్నరకు తక్కువ కారాని ప్లేట్‌లెట్లు పదునెనిమిది వేలే యున్నవని కాగితమిచ్చిరి. డెంగీ భయముతో ఆ రాత్రి ఇంటిలో ఎవరును అన్నము ముట్టలేదు. మరునాడు వేరొకచోట ఒక పేథాలజిస్టు రక్తపు చుక్కను గాజుపలకపై పరపి సూక్ష్మదర్శినిలో చూచెను. రక్తము గడ్డకట్టకుండ గొట్టములో నుంచిన రసాయనము వలననే ప్లేట్‌లెట్లు గుంపులుగా అంటుకొన్నవి. యంత్రమా గుంపులను ఎంచలేకపోయినది. వేరొక రసాయనమున్న గొట్టములో మరల రక్తము తీయగా లెక్క సరిపడెను. యంత్రము చెప్పినది సంఖ్య. ఆమె చెప్పినది నిదానము.

తండ్రి శ్రద్ధగా వినెను. “ఆ డాక్టరమ్మను మీరు చూసిన్రా సారూ?” అని యడిగెను. చూడలేదంటిమి; కాగితముపై పేరు మాత్రము చదివితిమి. “గదే సారూ నేననేది,” అని లేచి వెడలెను. ఆ మాటకు మా యొద్ద బదులు లేకపోయెను. బిడ్డ తాను కోరిన శాఖనే వ్రాసికొనెను. నాలుగు నెలలు తండ్రి ఆమెతో మాటాడలేదు. ఇప్పుడు మాటాడుచున్నాడు, దుకాణమున ఎవరైన అడిగినచో “డాక్టరు చదువుతున్నది” అనును, ఏ డాక్టరో చెప్పడు.

2017లో సర్వోన్నత న్యాయస్థానము, పరీక్షాకేంద్రముల నివేదికలపై పేథాలజీలో పైచదువు చదివిన వైద్యులే సంతకము చేయవలయునని తీర్పు చెప్పెను. సంతకమునకు విలువ యిచ్చితిమి. సంతకము చేయువారికి గౌరవమెన్నడిత్తుము? కొత్తపేటలో పండ్ల బజారున్న చోట 2022లో పెద్దాసుపత్రికి శంకుస్థాపన జరిగెను. గోడలు కొన్నియేండ్లలో లేచును. రోగమును గుర్తెరుగు కన్ను అంత త్వరగా సిద్ధము కాదు. 2025 నీట్ పరీక్షలో 180 నిమిషములకు 180 ప్రశ్నలు. నిమిషమునకొక జవాబు పెట్టుటకే మేము పిల్లలను తీర్చుచున్నాము. ఒకే పొరను మరల మరల చూచి, తెలియనిచో మరియొకరిని పిలిచి చూపు ఓర్పును ఏ తరగతిలో నేర్పుచున్నాము?

కావున తల్లిదండ్రులకు మా విన్నపమొకటి. పిల్ల పేథాలజిస్టునగుదుననినచో నాడి ప్రస్తావన తేవలదు. మీ చేతికి వచ్చిన నివేదిక అడుగున సంతకమును ఒకసారి చదువుడు. మీకు కనబడని ఆ మనిషియు ఒకరి బిడ్డయే.