కంచె కాసిన వాక్కాయ

కేకు మీద ఎర్రగా నిగనిగలాడే చెర్రీ కోసం పిల్లలు పోట్లాడుకుంటారు. బేకరీల్లో చాలాసార్లు అది చెర్రీ కానే కాదు... గింజ తీసి, రంగు పట్టించి, పంచదార పాకంలో ఊరబెట్టిన వాక్కాయ! కృష్ణా డెల్టా కింది కొసన బందరు, గుడివాడ, దివిసీమ ఊళ్లలో పెరటి కంచెకు ఊరికే కాసే కాయ అది. వానలు మొదలైతే చాలు, పప్పులోకి పులుపు కోసం చింతపండు డబ్బా తీసే పనే ఉండేది కాదు.

అమెరికాలో, ఇంగ్లండులో ఇంటి వెనక రాస్ప్‌బెర్రీ పెంచుకోవడం, కోసి జామ్ చేసుకోవడం, ఫొటోలు తీసి చుట్టాలకు పంపడం ఓ సరదా. అక్కడ స్థిరపడ్డ పిల్లల నుంచి వచ్చిన ఫొటో చూసి, 'మన దొడ్లో కూడా వేద్దామా' అని ఇక్కడి పెద్దవాళ్లకు మనసు లాగడం సహజమే. కానీ ఎర్ర రాస్ప్‌బెర్రీ బాగా కాయాలంటే చలికాలంలో ఏడు డిగ్రీల లోపు చలి వందల గంటలపాటు తగలాలి. సంక్రాంతి మధ్యాహ్నం కూడా ఫ్యాను వెయ్యాలనిపించే బందరులో ఆ ముచ్చట తీరేది కాదు. ముళ్ల కొమ్మ, పుల్లని రుచి, ఎర్రని రంగు... ఈ మూడూ కావాలంటే ఇక్కడి నేలకు వాక్కాయే దిక్కు.

ఉప్పుగాలికి జంకదు

బందరు నుంచి చల్లపల్లి, మోపిదేవి దాటి వెళితే పులిగడ్డ దగ్గర కృష్ణమ్మ రెండు పాయలవుతుంది. ఆ పాయల నడుమ సముద్రం దాకా పరుచుకున్నదే దివిసీమ. 1977 నవంబరు 19న వచ్చిన ఉప్పెన ఇక్కడ వేల ప్రాణాలను పొట్టన పెట్టుకుంది. పొలాలను ఉప్పునీటితో ముంచెత్తింది. ఇలాంటి తీరంలో ఏ మొక్క నాటాలన్నా ముందు ఉప్పు సంగతి ఆలోచించాల్సిందే.

గన్నేరు, నందివర్ధనాలకు చుట్టమైన వాక్కాయ కొంత ఉప్పుదనాన్నీ, నీటి ఎద్దడినీ ఓర్చుకుంటుంది. ఓర్చుకోలేనిదల్లా మొదట్లో నిలిచే నీటినే. డెల్టా నల్లమట్టిలో వాననీరు త్వరగా ఇంకదు. అందుకే పల్లపు దొడ్డిలో మట్టి ఎత్తు చేసి నాటాలి. గట్టు ఉంటే మరీ మంచిది. గింజ మొక్క సుమారు మూడో ఏట కాపుకొస్తుంది. మల్లెలను తలపించే వాసనతో తెల్లని పూలు పూసి, జులై నుంచి సెప్టెంబరు దాకా గుత్తులుగా కాస్తుంది. గట్టి ముళ్లుండటంతో మేకలూ గేదెలూ ఆ వైపు రావు. కాపలాకు కాపలా, కూరకు కూర!

ఆ కంచెలే ఇప్పుడు తరిగిపోతున్నాయి. గుడివాడ దాటి నందివాడ వైపు వెళితే చేలకు బదులు చేపల చెరువులు కనిపిస్తాయి. నాగాయలంక, కోడూరు వైపు రొయ్యల చెరువులు. ఊళ్లలో ఇళ్ల చుట్టూ ప్రహరీలు లేచాయి. గోడకు అడ్డమనో, పిల్లలకు గుచ్చుకుంటుందనో పొదను కొట్టేస్తే, ఊరికే దొరికిన కాయను బజారులో వెతుక్కోవాల్సిందే.

పప్పులో పడితే...

కాయ కోసేటప్పుడు కారే పాలు చేతికి జిగురుగా అంటుకుంటాయి. అరచేతికి కాస్త నూనె రాసుకుంటే ఆ బాధ ఉండదు. కప్పు కందిపప్పుకు పన్నెండో, పదిహేనో కాయలు చాలు. రెండుగా చీల్చి గింజలు తీసేసి, పచ్చిమిర్చి, పసుపుతో మగ్గనిచ్చి ఉడికిన పప్పులో కలపాలి. వెల్లుల్లి, ఎండుమిర్చి, కరివేపాకు తాలింపు పడితే ఆ ఘుమఘుమ వీధిదాకా వెళుతుంది. పులుపు ఎక్కువ కనుక అల్యూమినియం గిన్నె కంటే స్టీలు గిన్నే మేలు. పచ్చడి, పులిహోర సరేసరి. రొయ్యల కూరలో నాలుగు కాయలు వేస్తే ఆ రుచే వేరు. పండీపండని కాయల్లో పెక్టిన్ బాగా ఉంటుంది కాబట్టి జెల్లీ ఇట్టే గడ్డకడుతుంది.

పాలచుక్క ఫొటో

ఇక ఫొటోల సంగతి. ఖరీదైన కెమెరా అక్కర్లేదు. వాన వెలిసిన ఉదయం, మబ్బు వెలుతురులో ఫోను చాలు. ఎండ నేరుగా పడితే కాయ మీది గులాబీ రంగు తెల్లగా వెలిసిపోయినట్టు వస్తుంది. కాయ తుంచగానే తొడిమ దగ్గర తెల్లని పాలచుక్క ఉబుకుతుంది. అది జారిపోయేలోపు తీయాలి. తెలుపు, గులాబీ, ముదురు ఎరుపు, నలుపు... పచ్చి నుంచి పండు దాకా అన్ని రంగులనూ ఓ అరిటాకు మీద వరసగా పేరిస్తే చాలు, రాస్ప్‌బెర్రీ ఫొటోకు దీటైన జవాబు!

ఒక్కటి మాత్రం మరచిపోకూడదు. వాక్కాయ గింజ ఎక్కువకాలం నిలవదు. ఎండబెట్టి డబ్బాలో దాచి, వచ్చే ఏడు నాటుదామంటే మొలక మీద ఆశ వదులుకోవాల్సిందే. పండు చేతిలో ఉన్న వారంలోనే గింజను మట్టిలో పెట్టాలి. ఇరుగుపొరుగుకు పెట్టే గిన్నెడు పప్పుతోపాటు నాలుగు పండ్లు కూడా ఇస్తే ఆ వీధిలో మరో పొద లేస్తుంది. ఫొటోను ఫోను ఎన్నేళ్లయినా దాస్తుంది. గింజను దాచగలిగేది మట్టి ఒక్కటే.