యానాం పెళ్ళి

కాకినాడలో యానాం బస్సెక్కితే దారిలోనే కోరింగ మడ అడవులు. ఇంకాస్త ముందుకెళ్తే ఆంధ్రా అయిపోయి పుదుచ్చేరి మొదలవుతుంది. బండ్ల నంబర్లు మారతాయి కానీ భాష మారదు. మంగళవారం సంతలో బేరాలన్నీ మన గోదావరి తెలుగులోనే.

1954 దాకా ఇది ఫ్రెంచివాళ్ళ ఊరు. విదేశీ సరుకు కోసం బ్రిటిష్ వైపు జనం ఈ సంతకి వచ్చేవారట. సరుకు కోసమే కాదు, పెళ్ళిళ్ళకి కూడా. 1929లో శారదా చట్టం చేశారు. పద్నాలుగేళ్ళు నిండని ఆడపిల్లకి పెళ్ళి చేస్తే నేరం. కానీ ఆ చట్టం యానాంలో చెల్లదు. అందుకని పిల్లల్ని ఇక్కడికి తెచ్చి మూడు ముళ్ళు వేయించేసేవారు. ఊరికి కల్యాణపురం అనే పేరు కూడా వచ్చింది. మా కంప్యూటర్ సైన్సులో ఇలాంటిదాన్నే లూప్‌హోల్ అంటాం.

మా అమ్మమ్మ వాళ్ళమ్మది యానాం పెళ్ళే. అప్పటికి ఆవిడకి తొమ్మిదేళ్ళు. ఇంట్లో ఈ సంగతి సరదాగా చెప్పుకుంటారు. ఆవిడకి చివరిదాకా సంతకం పెట్టడం రాలేదన్నది మాత్రం నేను అడిగితేనే అమ్మమ్మ చెప్పింది.

గౌతమి గట్టు మీద నా పక్కనే మా పిన్ని కూతురు ఐస్‌క్రీమ్ తింటోంది. నాలుగో క్లాసు. దానికీ తొమ్మిదేళ్ళే.

"అక్కా, బోర్డర్ ఎక్కడే? ఏం కనిపించట్లేదు" అంది.