ముందుగా ఆ బిడ్డనే అడుగవలె

దిక్కులేని బాలలకు అన్నవస్త్రములిచ్చి ఆశ్రయము కల్పించుట మన తెలుగు సంఘములకు క్రొత్త కాదు. అయితే తల్లిదండ్రులు సజీవులై యుండియు, మగబిడ్డగా పుట్టి తాను ఆడపిల్లనని చెప్పినందులకు ఇల్లు విడువవలసి వచ్చిన బిడ్డను ఎచ్చట ఉంచవలె? ఈ ఏర్పాటు చేయబూనినవారు ముందుగా ఆ బిడ్డనే అడుగవలెనని నా అభిప్రాయము.

గుమాస్తాగా నా కాలము ఫారముల నడుమ గడచినది. వానియందు స్త్రీ, పురుషుడు అను రెండే గడులు. 2011 జనాభా లెక్కలలో ‘ఇతరులు’ అను మూడవ వర్గము చేరెను. అందు లెక్కకు వచ్చినవారు 4,87,803 మంది. వారిలో 54,854 మంది ఆరేండ్ల వరకు వయస్సుగల పసివారు. పసివారు తమంతట చెప్పుకొనలేదు గదా! ఇంటివారే చెప్పియుందురు. ఈ సంఖ్యను చూచి కొంత ఊరట చెందితిని.

ఇల్లు విడిచిన పిల్లల గతి యేమగునో తమిళ రచయిత్రి ఎ. రేవతి గారి వలన తెలియును. నామక్కల్ ప్రాంతపు పల్లెలో మగపిల్లవాడుగా పెరిగి, అన్నల దెబ్బలకు తాళలేక, చిన్నవయసుననే ఢిల్లీ పోయి హిజ్రా గురువు నాశ్రయించిరి. గురువు కూడు, గూడు ఇచ్చును, కుమార్తెగా స్వీకరించును. శిష్యురాలి సంపాదనపై అధికారమును చెలాయించును. పిమ్మట రేవతి గారు బెంగుళూరులోని సంగమ సంస్థలో చేరి, తనవంటివారి జీవితకథలను సేకరించి, 2004లో ‘ఉణర్వుం ఉరువముం’ అను గ్రంథమును వెలువరించిరి. బయటివాడు ప్రశ్నావళి పట్టుకొని పోయినచో అతనికి కావలసిన జవాబే దొరకును. ఏమి అడుగవలెనో అనుభవించినవారికే తెలియును. సాంఘిక సేవారంగమున దీనిని భాగస్వామ్య పరిశోధన యందురు.

2019 నాటి ట్రాన్స్‌జెండర్ వ్యక్తుల హక్కుల చట్టమును చేసినవారు ఇట్లు అడిగినట్లు తోచదు. న్యాయస్థానపు ఉత్తరువు లేక బిడ్డను తల్లిదండ్రులనుండి వేరుచేయరాదనియు, ఇంటివారు సాకలేనిచో పునరావాస కేంద్రమున ఉంచవలెననియు 12వ విభాగమున వ్రాసిరి. కొట్టెడి ఇల్లు, కాదన్న కేంద్రము! 2015 నాటి బాలల న్యాయచట్టము పెంపకపు కుటుంబమును గుర్తించియుండగా, ఈ విభాగమున దాని ఊసే లేదు.

మన సంఘములలో విద్యార్థి వసతి గృహములు నడుపువారుందురు. ప్రవేశపత్రము అచ్చు వేయించుటకు ముందు, అట్లు ఇల్లు విడిచి నేడు పెద్దవారైన ఇద్దరు ముగ్గురిని పిలిచి, గది, స్నానపు గది, పిలువవలసిన పేరు మున్నగువానిని గూర్చి నియమములను వారిచేతనే చెప్పించుకొనుడు. వారికి దారిఖర్చు లిచ్చుట మరువవలదు.