తెల్లగుడ్డ మీద ఎర్రమట్టి

జీపు గొంతు మారింది. ఆ సంగతి ముందుగా ఊరి కుక్కలకు తెలిసింది. తర్వాత చీనీచెట్లకు పాదులు తీస్తున్న నాయనకు. తలెత్తి ఓసారి చూసి మళ్లీ పనిలో పడ్డాడాయన. ఆదివారం వచ్చిన కొడుకుని ‘తిన్నావా’ అని కూడా అడగలేదు.

అనంతపురంలో డ్రిప్పు పైపుల వ్యాపారం అతనిది. వారానికోసారి కళ్యాణదుర్గం వైపున్న సొంతూరికి వెళ్లాలి. తారురోడ్డు దిగాక తొమ్మిది కిలోమీటర్లు ఎర్రమట్టి బాట. అందుకే 2016లో నాలుగు చక్రాలూ లాగే డీజిల్ థార్ కొన్నాడు. రెండున్నర లీటర్ల ఇంజిను, 105 హార్స్‌పవర్. కాగితాల్లో పేరేదైనా ఊళ్లో దాని పేరు జీపే! మూడేళ్లు బాగానే గడిచాయి. ఆ తర్వాత దురద మొదలైంది. ఎత్తు ఎక్కేటప్పుడు ఇంకాస్త లాగితే బాగుండు, స్నేహితుడి బండిలా గుడగుడలాడితే బాగుండు... ఈ దురద లేని జీపు యజమాని ఎక్కడైనా ఉంటాడా?

షాపువాడు రెండు మందులు చెప్పాడు. ఒకటి, నూనె పూసిన నూలుగుడ్డ ఎయిర్ ఫిల్టరు. ‘కాగితం ఫిల్టరు ఊపిరి ఆడనీయదన్నా. ఇది పెడితే బండి గుండెనిండా పీలుస్తుంది. కడుక్కుని మళ్లీ వాడుకోవచ్చు.’ రెండోది లావుపాటి ఎగ్జాస్టు గొట్టం, దానికి పేరుకో సైలెన్సరు. అతను రెండూ పెట్టించాడు.

వినడానికి సబబుగానే ఉంటుంది. ఇంజిను అంటేనే గాలి పీల్చి వదిలే యంత్రం కదా. రెండున్నర లీటర్ల ఇంజిను నిమిషానికి రెండువేల చుట్లు తిరిగితే, టర్బో సంగతి పక్కన పెట్టినా, 2,500 లీటర్ల గాలి కావాలి. గంటకు లక్షా యాభైవేల లీటర్లు! అదీ ఆ మట్టిబాటలో, ముందు ఓ లారీ పోతుండగా... అందులో గాలెంత, మట్టెంత?

కాకపోతే ఓ మెలిక ఉంది. డీజిల్ ఇంజిను బలం ఎంత డీజిల్ చిమ్మామన్న దాన్నిబట్టి ఉంటుంది. గాలి మామూలుగానే అవసరానికి మించి అందుతుంది. డీజిల్ కొలత కంప్యూటర్ చేతిలో ఉంది. ఆ కొలత మారకుండా గాలిదారి ఒక్కటే వెడల్పు చేస్తే, పాత ఫిల్టరు పూర్తిగా పూడుకుపోయి ఉంటే తప్ప తేడా పెద్దగా తెలియదు. అతనికి మాత్రం తెలిసింది! చెవి చెప్పింది కాలు నమ్మేసింది, అంతే.

గొట్టం సంగతిలో కాస్త నిజముంది. టర్బో దాటాక పొగకు అడ్డు తగ్గితే టర్బో త్వరగా అందుకుంటుంది. వెనక నుంచి కొంత ఒత్తిడి ఉంటేనే ఇంజినుకి మంచిదనేది టర్బో డీజిల్ విషయంలో ఉత్తమాట. కానీ ఆ లాభం రావాలంటే టర్బో దగ్గర నుంచే గొట్టం మార్చాలి, వంపుల్లో అది నలగకూడదు. చివరి డబ్బా కోసేసి లావు గొట్టం అతికిస్తే వచ్చేది చప్పుడే. పైగా 2019లో సవరించిన మోటారు వాహనాల చట్టం ప్రకారం అనుమతి లేని ఒక్కో మార్పుకీ ఐదువేల రూపాయల జరిమానా, లేదంటే ఆర్నెల్ల దాకా జైలు, లేదా రెండూ. 2020 ఏప్రిల్ నుంచి వచ్చిన బీఎస్-6 డీజిల్ కార్లలో మసిని పట్టి కాల్చేసే డీపీఎఫ్ ఉంటుంది. దాన్నీ పీకిస్తున్న మహానుభావులున్నారు. ఆ మసి పోయేది వెనక స్కూటీ మీద బడికి వెళ్లే పిల్లల ఊపిరితిత్తుల్లోకి!

రెండేళ్లు తిరిగేసరికి జీపు ఈల వేయడం మొదలుపెట్టింది. లాగడం తగ్గింది. ఓ ఆదివారం నాయనే దగ్గరకొచ్చాడు.

‘‘ఒరే, దాని గొంతులో ఎప్పుడన్నా వేలు పెట్టి చూసినావా?’’

ఆయనకు కారు తెలీదు. ట్రాక్టరు తెలుసు. దుక్కుల రోజుల్లో పొద్దున్నే ఆయిల్‌బాత్ గిన్నె విప్పి, అడుగున పేరుకున్న మట్టిముద్ద తీసి, కొత్త నూనె పోసిగానీ స్టార్టు చేసేవాడు కాదు. చిన్నప్పుడు టార్చిలైటు పట్టుకుని పక్కన నిలబడింది ఈ కొడుకే.

పాత పంచె చింపి వేలికి చుట్టాడు నాయన. ఫిల్టరు దాటాక టర్బోలోకి వెళ్లే గొట్టం లోపల తిప్పి తీశాడు. తెల్లగుడ్డ ఎర్రబడింది.

‘‘గాలి బాగా పోతాది. దుమ్ము గూడా పోతాది రా.’’

తప్పంతా ఫిల్టరుదీ కాదు. ఇంట్లో కడిగి, నూనె సరిగా పట్టించకుండానే బిగించింది ఇతనే. నూనె తక్కువైతే మట్టి దాటిపోతుంది. ఎక్కువైతే కొన్ని బండ్లలో గాలిని కొలిచే సెన్సారుకి అంటుకుంటుంది. ఆ సేవ చేసే ఓపిక ఉన్నవాళ్లకే అది. మెకానిక్ టర్బో విప్పితే రెక్కల అంచులు అరిగి మొండిగా ఉన్నాయి. నిమిషానికి లక్షకు పైగా చుట్లు తిరిగే రెక్కలవి. సన్నటి ఇసక తగిలితే గరుకు కాగితంతో రుద్దినట్టే.

కొత్త టర్బోకి అయిన డబ్బు, తోటలో బోరు మోటారు మార్చడానికని దాచింది. నాయన ఏమీ అనలేదు. పాత మోటారుకే వైండింగ్ చేయించుకున్నాడు.

జీపులో ఇప్పుడు మళ్లీ కంపెనీ కాగితం ఫిల్టరే. వారంవారం కంప్రెసరు గాలి కొట్టించడం మానేశాడు. పైన పేరుకునే పల్చటి దుమ్ముపొర వల్ల ఫిల్టరు ఇంకా బాగా వడకడుతుందట, గట్టిగా గాలి కొడితే కాగితమే చిరుగుతుందట! పుస్తకంలో చెప్పిన గడువుకంటే ముందే మారుస్తున్నాడు. డబ్బా క్లిప్పులు, రబ్బరు అంచు, గొట్టం బిగింపులు చూసుకుంటున్నాడు. డబ్బులుంటే ట్రాక్టరు మీద ఉన్నట్టు దుమ్మును తిప్పి బయటకు విసిరే గిన్నె ఒకటి పెట్టించాలని ఉంది. పాత సైలెన్సరు కోసం వెళితే షాపువాడు ఎప్పుడో తుక్కుకి వేసేశాడు. పాత సామాన్ల అంగట్లో ఇంకోటి వెతికి పట్టుకోవాల్సొచ్చింది.

నెలకోసారి నాయన గుడ్డ చుట్టి చూస్తాడు. మొన్న ఆదివారం తెల్లగానే వచ్చింది. బోరు మోటారు చప్పుడే ఈమధ్య బాగాలేదంటున్నాడు.