చలువపెట్టె నేర్పిన పాఠము

మంచిర్యాల వేసవి యెట్టిదో చదువరులకు వేఱుగ చెప్పనక్కఱలేదు. చెంతనే గోదావరి యున్నను మే మాసమున ఎండ 45 డిగ్రీల కెక్కుచుండును. అట్టి దినములలో మా యింటి రిఫ్రిజిరేటరు చల్లదన మిచ్చుట మానెను. పాలు విఱిగినందులకు మేము చింతింపలేదు. అందులో మా నాయనమ్మగారి ఇన్సులిన్ సీసాలు రెండుండెను. వాడుక మొదలుపెట్టని ఇన్సులిన్‌ను 2 నుండి 8 డిగ్రీల నడుమ నుంచవలెను. వేడికి చెడినను అది చూపునకు మంచిదానివలెనే యుండవచ్చును. మా భయమంతయు నదియే.

పాఠశాల ప్రయోగశాలనుండి ఉష్ణమాపకము నడిగి తెచ్చి, నీటి గ్లాసులో నిలిపి, రాత్రియంతయు పెట్టెలో నుంచితిమి. తెల్లవాఱునప్పటికి 17 డిగ్రీలు చూపెను. “బాపూ, ఇది ముసలిదైనది, క్రొత్తది కొనవలెను” అని మేము తీర్పు చెప్పితిమి.

గనిలో రాత్రి షిఫ్టు ముగించి వచ్చిన మా తండ్రిగారు, “తీర్పునకు ముందు విచారణ వలదా?” యనిరి. లోపలి దీపము వెలుగుచుండెను గనుక కరెంటు సరిగనే యున్నది. చలి నెక్కువ తక్కువ చేయు మీట నడుమనే యుండెను. తలుపు సందున కాగితపుముక్క నుంచి మూసి లాగితిమి. రబ్బరు దానిని గట్టిగ పట్టుకొనెను. మంచు పేరుకొనలేదు. కంప్రెసరు మాత్రము విరామము లేక మ్రోగుచు మిక్కిలి వేడెక్కి యుండెను.

అప్పుడు వారిట్లనిరి: “గనిలో పెద్ద ఫ్యాను చెడుగాలిని వెలుపలికి లాగును. ఆ దారి మూసినచో లోపల మా గతి యేమి? ఈ పెట్టెయు నట్టిదే. ఇది చలిని పుట్టింపదు. లోపలి వేడిని మోసి వెలుపల విడుచును. ఆ దారి చూడుడు.”

1834లో జేకబ్ పెర్కిన్సు ఇంగ్లండులో పేటెంటు పొందిన యంత్రపు సూత్రమే నేటికిని ఇండ్లలో నడచుచున్నది. గొట్టములలోని ద్రవము ఆవిరియగుచు లోపలి వేడిని గ్రహించును. కంప్రెసరు ఆ యావిరిని నొక్కి వెనుక గొట్టములకు పంపగా, అచ్చట వేడిని విడిచి మరల ద్రవమగును.

ప్లగ్గు తీసి పెట్టెను ముందునకు జరిపితిమి. మా యిల్లు బొగ్గులారీల బాటప్రక్కనున్నది. వెనుక గొట్టములపై నల్లని దుమ్ము కంబళివలె పఱచుకొని యుండెను. అదిగాక పెట్టె గోడకు హత్తుకొని యుండెను. సంక్రాంతి సెలవులలో క్యారమ్ బల్లకు చోటు చేయుటకై దాని నట్లు నెట్టినది మేమే! మాకు తల యెత్తుటకు సిగ్గాయెను.

మెత్తని కుంచెతోను పొడిగుడ్డతోను దుమ్ము తుడిచి, గోడకు జానెడు ఎడము విడిచి ప్లగ్గు పెట్టితిమి. మఱునాటి యుదయమున ఉష్ణమాపకము 5 డిగ్రీలు చూపెను. అప్పటికిని చల్లబడనిచో గ్యాసు, కంప్రెసరుల పరీక్షకు మెకానిక్కును పిలువవలసి యుండెడిది.

వైద్యుని సలహాపై ఆ రెండు సీసాలను పాఱవైచి, క్రొత్తవి కొని, పెట్టె బాగగువఱకు ప్రక్కయింట నుంచితిమి. నాయనమ్మగారు మమ్ము కసరలేదు. “బిడ్డా, ఇకమీదట నెలకొకమాఱు దాని వీపు తుడువుడు” అని మాత్ర మనిరి. ఆ పని నేటికిని మాదే.